ర గిట్టని పంతులు

మా శ్రీశైలం పంతులుకు లోకంలో ఒకే ఒక్క శత్రువు: ‘ర’ అక్షరం. పాలివాళ్లతో తగాదా లేదు, పట్వారీతో పేచీ లేదు. తన గొడుగు ఎత్తుకుపోయినవాడు అదే గొడుగేసుకుని ఎదురుపడితే, “నీడ బాగున్నదా?” అని అడిగి సాగిపోయిన మనిషి. అలాంటివాడు ‘ర’ కనబడితే మాత్రం నల్లిని చూసినట్టు చూసేవాడు. కలం మొనతో నలిపేసేవాడు.

ఈ వైరం పుట్టుకతో వచ్చింది కాదు. గద్వాలలో సర్కారుది కాని ఒక ఖాన్గీ బడిలో మేమిద్దరం తెలుగు చెప్పేవాళ్లం. పెద్ద తరగతి ఆయనది, చిన్న తరగతి నాది. బడి కాని వేళల్లో ఆయన పిల్లల కోసం కథల పుస్తకాలు రాసేవాడు. అప్పటికి అయిదు అచ్చయ్యాయి. ఆ అయిదింటిలోనూ ‘ర’లు సుఖంగానే కాపురం చేశాయి.

ఆయన రాసే పద్ధతి కూడా వింతే. పొద్దున రాసింది మధ్యాహ్నం పిల్లలకు చదివి వినిపించేవాడు. ఒక్క పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూశాడా, ఆ పుట చించేసేవాడు. ఒకసారి బయట నిజంగానే రెండు కోతులు కొట్లాడుకుంటున్నాయని నేను సాక్ష్యం చెప్పినా వినలేదు.

“నా కోతి ఆ కోతికన్న బాగుండాలె గద!” అన్నాడు.

పందొమ్మిది వందల ముప్పై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో ఆరో పుస్తకం మొదలుపెట్టాడు. పేరు ‘ఎలుగుబంటి పెండ్లి’. ఆ రోజే ‘ర’ను వెలివేశాడు. రాతలోనే కాదు, మాటలో కూడా.

“ఇదేం పిచ్చయ్యా?” అన్నాను.

“నోట్లకు వస్తె చేతిలకు వస్తది దోస్తూ. అందుకే నోట్లనే ఆపిన.”

దోస్తూ అని ఎందుకన్నాడంటే, నా పేరు కురుమూర్తి. అందులో రెండు ‘ర’లు. పదిహేనేళ్ల స్నేహం నిలిచింది గానీ, పేరు పోయింది.

ఇక ఆయన భార్య భీమమ్మ అవస్థ వర్ణించలేం.

“ఇంత అది వెయ్యి.”

“ఏది?”

“అన్నంల కలుపుకునేది.”

“దానికి పేరు లేదా?”

“ఉన్నది. ఇప్పుడు అది నాకు పనికొచ్చేది కాదు.”

“కూర అను, వేస్త. లేకుంటే ఉత్త బువ్వ తిను.”

ఉత్త అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. మూడు రోజులు చూసి ఆమే ఓడిపోయింది. నాలుగో రోజు నుంచి ఆ ఇంట్లో రోజూ పప్పే. పప్పులో ‘ర’ లేదు.

కథలోనూ ఇదే కరువు. ఊరు లేదు, పల్లె ఉంది. చెరువు లేదు, కుంట ఉంది. రాత్రి లేదు, ఉత్త చీకటి. ‘వచ్చారు’ అనడానికి వీల్లేదు కనుక ఆ పెండ్లికి మనుషులెవరినీ పిలవలేదు. ఈ సంగతి మా పక్కింటి సాలె నాగన్న చెవిన పడింది. పరుగెత్తుకొచ్చాడు.

“గద్వాలల కూసోని పెండ్లికూతురికి చీర కట్టకపోతివా పంతులూ! మా మగ్గాల మీద మన్ను పోసినవ్ గదా!”

పంతులు రెండు రోజులు తల పట్టుకుని, చివరికి ‘ఎలుగుబంటి పట్టంచు బట్ట కట్టుకుంది’ అని రాశాడు. అది గద్వాల పట్టంచేనా అని నాగన్న మూడుసార్లు అడిగి, అవుననిపించుకున్నాకే శాంతించాడు.

ఒక పండితుడికి మాత్రం ఇది మహా విద్యలా తోచింది. “పెదవులు తగలకుండ పద్యం చెప్పినోళ్లను చూసిన గని, రేఫ లేకుండ కథ నడిపినోణ్ణి చూళ్లే. సభల శాలువ కప్పిస్త. కిటుకేందో చెప్పు” అన్నాడు.

“కిటుకేం లేదు సామీ. దాని తలకట్టు నాకు నచ్చలే.”

పండితుడు లేచి వెళ్లిపోయాడు. శాలువా కూడా ఆయన వెంటే పోయింది.

ఆయన పుస్తకాలు అచ్చువేసేది నబీ సాబ్. చిన్న అచ్చుకూటం. సీసపు అక్షరాలు ఏరి పేర్చేదీ ఆయనే, కాలితో మిషన్ తొక్కేదీ ఆయనే. “‘ల’లు అరిగిపోతున్నయ్ పంతులూ. ‘ర’ల గడిల సాలీడు పిల్లల్ని పెట్టింది” అని గొణుగుతూనే పని సాగించాడు. కాకపోతే మంచితనం కొద్దీ రెండు దిద్దుబాట్లు చేశాడు. ‘పల్లె’ను ‘ఊరు’ చేశాడు. అట్ట మీద పంతులు తన పేరు ‘శైలం’ అని రాసుకుంటే, జాలిపడి ముందు ‘శ్రీ’ చేర్చాడు. మూడు వందల కాగితాలు అచ్చయ్యాక పంతులు చూశాడు.

“ఇవి పనికొచ్చేటివి కావు నబీ భాయ్. మళ్ల వెయ్యాలె.”

“ఏం తప్పున్నది దీంట్ల?”

“తప్పు లేదు. అయినా మళ్ల వెయ్యాలె.”

“నీ పేరు నీకు వాపస్ ఇస్తే అదీ కసూరేనా, తప్పేనా? ఇరవై ఏండ్లాయె గీ పని చేయబట్టి, గిట్ల ఎవ్వడనలే. తీస్కపో నీ ఎలుగుబంటిని!”

నబీ సాబ్ కాగితాల కట్టను వీధిలోకి విసిరేశాడు. పంతులు వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. ఆయన ముఖం అంతగా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

“కారణం చెప్పరాదూ? ఒప్పుకుంటాడు” అన్నాను.

“చెప్పేదైతె మొదటి దినమే చెప్తుంటి దోస్తూ.”

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాడు. “నువ్వు కూసో భాయ్, ఆ పేజీలు నేనే చేస్త” అంటూ అక్షరాల పెట్టె పట్టి లాగాడు. పెట్టె పెట్టెంతా నేల మీద బోర్లపడింది. అ నుంచి హ దాకా అంతా ఒకే కుప్ప! సాయంత్రం దాకా ముగ్గురం చతికిలబడి ఏరాం. ‘ర’ దొరికినప్పుడల్లా పంతులు తేలును పట్టినట్టు రెండు వేళ్లతో పట్టి నబీ సాబ్‌కు అందించేవాడు. కోపంగా ఉండాలని నబీ సాబ్ చాలా ప్రయత్నించాడు. పదో ‘ర’ దగ్గర నవ్వు ఆగలేదు.

“నీతోని పరేషాన్ పంతులూ! వేస్తలే, నువ్వెట్లంటే గట్ల.”

ఎండలు ముదిరే వేళకు పుస్తకం వచ్చింది. బడిలో పిల్లల చేత దాన్ని చదివించే సభ పెట్టారు. తల్లిదండ్రులూ వచ్చారు. పంతులు మొట్టమొదట ఎవరూ అనుకోని పేరు పిలిచాడు.

“ఖతీజా, నువ్వు చదువమ్మా.”

ఖతీజాబీ నబీ సాబ్ కూతురు. తొమ్మిదేళ్లది, నా తరగతి పిల్ల. ‘ర’ పలకదు, ‘ల’ అంటుంది. కిందటేడు ‘రామచిలుక’ను ‘లామచిలుక’ అని చదివితే తరగతి విరగబడి నవ్వింది. దాచడమెందుకు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఆ పిల్లకు లామచిలుక అనే పేరు పడింది. ఆ రోజు నుంచే ఆమె బడిలో నోరు విప్పడం మానేసింది.

నబీ సాబ్ లేచి నిలబడ్డాడు. “దానికొద్దు పంతులూ. ఇడిసిపెట్టు.”

“ఒక్క పుట నబీ భాయ్. ఒక్కటే.”

ఖతీజా పుస్తకం పట్టుకుంది. పిల్లలు నవ్వడానికి సిద్ధంగా నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు.

“అడవిలో ఎలుగుబంటి పెండ్లి. కోతి డప్పు కొట్టింది. ఏనుగు వచ్చి పందిలి గుంజకు ఆనుకుంది. పందిలి కూలింది.”

గొల్లుమన్నారు. ఖతీజా బెదిరి తలెత్తింది. నవ్వు తన మీద కాదు, ఏనుగు మీద. అది తెలిశాక తనూ కిసుక్కున నవ్వి పుట తిప్పింది. ఒకటి, రెండు, నాలుగు పుటలు. ఆపమని ఎవరూ అనలేదు.

నబీ సాబ్ నా చేతిలోని పుస్తకం లాక్కుని, వరుస వరుసకూ వేలు పెట్టి ‘ర’ కోసం వెదకసాగాడు, అందులోని ప్రతి అక్షరం తనే పేర్చినా. ఒక్కటీ దొరకక చివరి పుట దగ్గర ఆ వేలు ఆగిపోయింది.

“యా అల్లా! వీటినా నేను బజార్ల పారేసింది?” అన్నాడు మెల్లగా. తర్వాత పంతులు దగ్గరికి వెళ్లి, “ఒక్క మాట చెప్పకపోతివి!” అన్నాడు.

“చెప్తె బిడ్డ చెవిన పడదా భాయ్? నీకని విడిగా వండిన అంటె తినబుద్ధి అయితదా? నన్ను పిచ్చోడన్నంత మాత్తాన ఏం పోయింది?”

అంతలో ఖతీజా వచ్చి పంతులు ధోవతి అంచు పట్టి లాగింది. ఏడాది పాటు మూసుకున్న గొంతును ఈసారి ఏమాత్రం తగ్గించలేదు.

“పంతులూ, ఇంగోటి లాయుండ్లి. గుల్లం కథ లాయుండ్లి. నేనే సదువుత!”

బడి మొత్తం వింది. ఎవరూ నవ్వలేదు. పంతులు తొమ్మిది నెలల ఉపవాసం విడిచినవాడిలా నోరారా అన్నాడు:

“రాస్త బిడ్డా, రాస్త! గుర్రానికి రెండు రెక్కలు గూడ పెడ్త. మీద ఒక రౌతును గూర్చోబెడ్త!”

ఖతీజా తల అడ్డంగా ఊపింది.

“లౌతు వద్దు పంతులూ. నేనే ఎక్కుత.”