మట్టెవాడ బొంతలు, నా మర్యాద

పదిహేను మంది ఆడవాళ్ల ఆశ, ఒక విదేశీ కంపెనీ మంచి ఉద్దేశం, ఒక సంస్థ రెండేళ్ల తిరుగుడు. ఈ మూడింటినీ పది రోజుల్లో, అదీ ఎంతో మర్యాదగా, మట్టిలో కలిపిన మొనగాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇలా దగ్గరగా జరగండి. నేనే. నా మాటల్లో సగం కోతలేనని హసన్‌పర్తి నుంచి పరకాల దాకా నాకు పేరుంది. ఇందులోనూ అక్కడక్కడ కాస్త మసాలా పడుతుంది. ఎక్కడ పడలేదో మీకే తెలుస్తుంది.

పన్నెండేళ్ల కిందటి సంగతి. వయసు ముప్పై దాటింది కానీ బుద్ధి ఇంకా పదో తరగతి సప్లిమెంటరీ రాస్తూనే ఉంది. హన్మకొండలో ఓ చిన్న స్వచ్ఛంద సంస్థలో ‘జీవనోపాధి సమన్వయకర్త’ ఉద్యోగం. హోదా ఎంత పొడుగో జీతం అంత పొట్టి. మెడలో ఫొటో కార్డు ఒకటి వేలాడేది. స్నానానికి తప్ప దాన్ని తీసేవాణ్ని కాదు.

యూరప్‌లో పరుపులూ దుప్పట్లూ అమ్మే ఒక కంపెనీకి పేదల మీద మనసు పుట్టింది. దానం చేయరట, వ్యాపారం చేస్తారట. పేదలు చేసిన సరుకును న్యాయమైన ధరకు కొంటే పేదరికం తనంతట తానే లేచి వెళ్లిపోతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని మాకు నేర్పడానికి హైదరాబాదులో ఓ హోటల్లో రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఆ ఏసీ గది ఎంత చల్లగా ఉందంటే, రెండో రోజు నేను మంకీ క్యాప్ పెట్టుకుని పేదరికాన్ని నిర్మూలించాను. మధ్యాహ్నం భోజనంలో పద్నాలుగు రకాలు. శిక్షణలో నాకు బాగా గుర్తున్న భాగం అదే.

వాళ్లకు కావలసిన సరుకు బొంత. పాత చీరలు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టే మన ఇంటి బొంతే. వరంగల్ మట్టెవాడలో ఒక గల్లీ నిండా బొంతలు కుట్టే ఆడవాళ్లున్నారు. వాళ్లందరిలో పెద్దది యాకూబీ చిన్నమ్మ. నాకు చుట్టం కాదు, ఆ గల్లీలో ఆమెను చిన్నమ్మ అనని వాడు లేడు, అంతే. ఆమె భర్త దూదేకేవాడు, పోయి చాలా ఏళ్లయింది. ఆమె కుట్టు చూడాలి. రేషన్ షాపు ముందు మనుషులు ఏనాడూ నిలబడనంత వరసగా నిలబడేవి ఆ కుట్లు.

అయితే ఇళ్లల్లోకి మిలమిలలాడే రగ్గులు వచ్చాక బొంతలు కుట్టించుకునేవాళ్లు తగ్గారు. దాంతో సీజను రాగానే గల్లీ గల్లీ అంతా మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది. రోజంతా ఆ ఘాటులో కూర్చుని, ఇంటికొచ్చి మండే చేతుల్ని మజ్జిగ గిన్నెలో ముంచుకునేవాళ్లు. యాకూబీ చిన్నమ్మకు దగ్గు పట్టుకుంది.

“జర ఈ బొంతల పని కుదిరేటట్టు చూడు శీనూ. దవాఖానల డాక్టరు సాఫ్ చెప్పిండు, ఇంకో రెండు సీజన్లు మిర్చిల కూసుంటె నీ పానం నా చేతుల ఉండదన్నడు. నాకు సూది పట్టుడు తప్ప ఇంకో పని రాదు బిడ్డా.”

“నువ్వు ఫికర్ చెయ్యకు చిన్నమ్మా. నేనున్న గద,” అన్నాను.

ఆమె ఫికరు పడవలసింది సరిగ్గా అందుకేనని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

కంపెనీ నుంచి మెయిలొచ్చింది. మార్తా అనే మేడం పది రోజుల్లో వస్తుంది, చూస్తుంది, నచ్చితే అక్కడికక్కడే మొదటి ఆర్డరు రాసిస్తుంది. బొంతలు వాడిన పాత బట్టలతోనే ఉండాలనీ, ఇళ్లల్లో ఎలా కుట్టుకుంటారో అలాగే చూపించాలనీ, తన కోసం ప్రత్యేకంగా ఏమీ చేయవద్దనీ అందులో స్పష్టంగా రాసి ఉంది. నేను చదివాను. అర్థం చేసుకున్నాను. నమ్మలేదు.

మీరే చెప్పండి. ఇంటికొచ్చే చుట్టం ‘ఏం వండకండి, పచ్చడి మెతుకులు చాలు’ అంటే నిజంగా పచ్చడి మెతుకులే పెడతామా? పెడితే ఆ చుట్టరికం ఆ పూట దాటుతుందా? మార్తా మేడం కూడా మర్యాదస్తురాలు కాబట్టి అలా రాసింది, మనం కోడిని కోయాలి అని తీర్మానించుకున్నాను.

మర్నాడే గల్లీలో సభ పెట్టాను. పరాయి దేశం నుంచి వచ్చే మనిషికి మనం విడిచిన బట్టలు అంటగడతామా, వరంగల్ పరువేం కావాలి, అని అరగంట ఉపన్యసించాను. పక్కింటి రాజవ్వ, కూలీనాలీ చేసుకునే మనిషి, నాకు వంత పాడింది. విడిచిన బట్ట బిచ్చానికొచ్చినోళ్లకు ఇస్తరు గాని ఇంటికొచ్చినోళ్లకు ఇస్తరా అని ఆమె వాదం. యాకూబీ చిన్నమ్మ ఒక్కతే తల అడ్డంగా ఊపింది.

“పాత చీరల ఉన్న మెత్తదనం కొత్తదాన్ల యాడుంటది? కొత్తబట్ట కుడితె అది బొంత కాదు, గోనెసంచి.”

“నీకు తెల్వది చిన్నమ్మా, నేను ట్రైనింగ్ తీసుకున్న,” అన్నాను.

చూశారా, నలభై ఏళ్లుగా సూది పట్టిన మనిషితో, రెండు రోజులు హోటల్ భోజనం చేసినవాడు అన్న మాట. చదువుకున్న పిల్లగాడు చెప్తున్నాడు, ఏదో ఉంటుంది అని ఆమె సరిపెట్టుకుని ఉంటుంది.

ఖర్మ కాలితే తాడే పామవుతుందంటారు. నా విషయంలో పాము సైకిల్ మీద వచ్చింది. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే మనిషి సరిగ్గా అప్పుడే గల్లీలోకి తిరిగాడు. మేడం కళ్లపడకుండా పాతవన్నీ వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి ముహూర్తం లేదన్నాను. బొంతల కోసం ఏళ్ల తరబడి దాచిన చీరల మూటలు ఇంటింటి నుంచీ వచ్చాయి. బేరం నేనే ఆడాను. బకెట్లు, డబ్బాలు, జల్లెడలు, చివర్లో కొసరుగా ఒక గరిటె కూడా కొట్టాను. ఆ గరిటె రాజవ్వకిచ్చి, ఇలా ఉంటుంది మన దెబ్బ అన్నట్టు చూశాను.

అతిథి మర్యాదల కోసం మా ఆఫీసు ఇచ్చిన సొమ్ముతో కొత్త బట్ట తెచ్చాను. నైలాన్‌లా జారే గులాబీ రంగు తాను, మధ్య మధ్య నెమళ్లు. అది కుట్టలేక సూదులు వంగిపోయాయి. పదో రోజుకు తయారైన బొంతలు ఫంక్షన్ హాల్ తెరల్లా ధగధగలాడాయి. ఇల్లలకగానే పండుగ కాదన్నారు. నేను ఇల్లు అలుకుతూ అలుకుతూ పండుగను కూడా ఊడ్చి బయట పారేశాను.

మార్తా మేడం వచ్చింది. చాపల మీద అందరితో పాటు కూర్చుంది, చాయ్ తాగింది, కుట్లను వేలితో తడిమి ఎంతో మెచ్చుకుంది. తర్వాత నెమళ్లను చూసింది. చాలాసేపు చూసింది.

పాతవి ఎక్కడున్నాయని నన్ను ఇంగ్లీషులో అడిగింది. ఈ గల్లీలో మీకు పాతదంటూ ఒక్క పోగు కూడా దొరకదు మేడం, అన్నాను ఛాతీ విరిచి. ఆమె ముఖం దీపం తగ్గించినట్టయింది. మెల్లగా, నొప్పించకుండా చెప్పింది. ఇలాంటి కొత్త బట్ట మిల్లుల్లో యంత్రాలే కుట్టేస్తాయట. వాళ్ల దగ్గర కొనేవాళ్లు కోరుకునేది ఎవరో కట్టి, ఉతికి, మెత్తబడిన బట్టేనట. రెండు నెలల్లో యాభై బొంతలు పంపాలనీ, పాత బట్టే లేకపోతే ఆర్డరు ఇవ్వలేననీ చెప్పింది. మా చుట్టూ స్టీలు బకెట్లు వరసగా మెరుస్తున్నాయి. ఒక్కోదాంట్లో నా ముఖం ఒక్కో రకంగా సాగి కనిపించింది.

“ఏమంటాంది శీనూ?” అంది యాకూబీ చిన్నమ్మ.

పాత బొంత ఒక్కటన్నా చూడాలంటోందని చెప్పాను. చిన్నమ్మ లేచి లోపలికి వెళ్లి, తన మంచం మీది బొంత తెచ్చి మేడం ఒళ్లో పెట్టింది.

ఆ బొంత సంగతి గల్లీ అంతటికీ తెలుసు. నాకూ తెలుసు. ఆమె కూతురు షాహీన్ పంతొమ్మిదేళ్లకే పచ్చకామెర్లతో పోయింది. ఆ పిల్ల కట్టిన బట్టలన్నీ కలిపి కుట్టింది ఈమె. పైపొర ఆకుపచ్చ ఓణీ.

మేడం దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మేం చూడాలనుకున్నది ఇదే, అంది. కంపెనీలో చూపించడానికి తీసుకెళ్లొచ్చా అని అడిగింది. ఆగి, నా కళ్లలోకి చూసి ఇంకో ప్రశ్న కూడా వేసింది. ఇది ఆమెకు ప్రత్యేకమైనదేమో, ఇస్తే బాధపడుతుందేమో, ఒకసారి ఆమెనే అడగండి అంది.

పాఠకులారా, ఇక్కడ మసాలా లేదు. ఆర్డరు మునిగిపోతోంది, దాంతో పాటు నా ఉద్యోగమూ. యాకూబీ చిన్నమ్మ వైపు తిరగనైనా తిరగకుండా ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను: అదేం లేదు మేడం, ఆమె దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి.

“ఏమడిగింది?”

“చానా మంచిగున్నదట. కంపెనీల చూపిచ్చి పంపిస్తదట.”

“నాలుగు దినాలల్ల పంపిస్తదా?”

“పంపిస్తది.”

మేడం దాని ఖరీదని కొన్ని నోట్లు తీసింది. యాకూబీ చిన్నమ్మ నవ్వి, మల్ల వచ్చేదానికి పైసలెందుకని ఆ చేతిని వెనక్కి తోసింది. పేదవాళ్ల ఆత్మగౌరవం ఎంత గొప్పదో అని మేడం కళ్లు తుడుచుకుంది. దానికీ నేను తలూపాను.

స్టీలు మనిషి కోసం పరకాల దాకా బండి మీద వెంటపడ్డాను. మూటలు ఎప్పుడో లారీ ఎక్కి పోయాయన్నాడు. పోనీ గరిటె వాపసు ఇస్తానన్నా వినలేదు. ఆర్డరేమో, పాత చీరలు లారీల్లో దిగే వేరే రాష్ట్రంలోని పెద్ద కార్ఖానాకు పోయింది. ఆ కార్ఖానాకు కంపెనీ నమూనాగా ఇచ్చింది మాత్రం యాకూబీ చిన్నమ్మ బొంతనే. ఆ సీజనుకు గల్లీ మళ్లీ మిర్చికి పోయింది.

నేను రెండు మెయిళ్లు రాశాను, నమూనా ఎప్పుడు పంపుతారని మాత్రమే. అబద్ధం సంగతి రాయడానికి చెయ్యి రాలేదు. ఏడాది తర్వాత జవాబుగా ఒక ఫొటో వచ్చింది. కంపెనీ ఆఫీసు గోడ మీద, అద్దాల చట్రంలో బొంత. కింద ఇత్తడి పలక మీద, వరంగల్ మహిళలు పేదరికం నుంచి బయటపడ్డందుకు గుర్తు అని రాసి ఉంది.

ఫోన్ తీసుకెళ్లి చూపించాను. యాకూబీ చిన్నమ్మ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. దగ్గు ఆగాక అడిగింది.

“గోడకెందుకు ఏలాడదీసిండ్లు? ఆడ చలి పెట్టదా?”

“చానా చలి చిన్నమ్మా. మంచు పడతది.”

“మరి కప్పుకోరేంది, పిచ్చోళ్లు.”

నాకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఇంకేదో అయింది. అప్పుడు చెప్పాను, మేడం నిన్ను అడగమన్నది, నేను అడగలేదు అని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“అడిగితె మాత్రం ఏమంటుంటి? పదిహేను మందికి పని దొరుకుతదంటె తీస్కపొమ్మనే అందును.” ఫోన్ నా చేతిలో పెట్టింది. “గని ఇచ్చేముందు ఒక్కసారి మొకానికి పెట్టుకోని ఇద్దును.”

ఆ రోజే కూర్చుని కంపెనీకి నిజం మొత్తం రాశాను. మార్తా మేడం ఉద్యోగం మారిందనీ, నా అభిప్రాయం తమకెంతో విలువైనదనీ ఓ యంత్రం జవాబిచ్చింది. యాకూబీ చిన్నమ్మ ఇంకో రెండు సీజన్లు మిర్చిలో కూర్చుంది. మూడో సీజనుకు లేదు.

కాబట్టి, నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టి అడిగినా తప్పనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఇంకొకరిని అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పను. బస్సులో ఎవరైనా నా పక్కవాణ్ని టైమెంతని అడిగినా సరే, అతని చేతికి వాచీ లేకపోయినా సరే, నా చేతికి ఉన్నా సరే, నోరు విప్పను. అతని భుజం తట్టి, అన్నా, నిన్నే అడుగుతున్నరు, అని మాత్రం చెప్తాను.