చప్పుడు చేయని గాజులు

ఆ ఉదయం నా కూతురు సరిత జడ వేసుకుంటుంటే చేతి గాజులు చప్పుడు చేయలేదు. కోరుట్లలో నాది గాజుల దుకాణం. ఆమెది రెండు-నాలుగు సైజు. సీమంతానికి వదులుగా ఉండాలని రెండు-ఆరు వేశాను. ఎనిమిదో నెలలో అవే బిగుసుకున్నాయి. ముఖం కూడా ఉబ్బింది.

సిరిసిల్లలో ఉన్న ఆమె అత్తకు ఫోన్ చేశాను. "నీరు పట్టింది, గంతే వదినా. గాబరా పడకు" అంది.

మనసొప్పక మా వీధి చివరి నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాను. బీపీ 150/100. మూత్రంలో ప్రోటీన్ టూ ప్లస్. "ప్రీఎక్లాంప్సియా, కడుపుతోని ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు. ఫిట్స్ రావచ్చు, అడ్మిట్ చేయాలె" అంది డాక్టరమ్మ.

"ఈడనే ఉంటనమ్మా, నువ్వు దగ్గరుంటవ్" అంది సరిత. మొదటి కాన్పు పుట్టింటి దగ్గరే జరగాలని నాకూ ఉంది. అయినా అడిగాను: "ఫిట్స్ వస్తే, పసిబిడ్డ నెల తక్కువ పుడితే ఎట్ల మేడం?"

"మా దగ్గర ఐసీయూ లేదమ్మా. జగిత్యాల పంపుత."

నా లెక్క అక్కడే తేలింది. వీధి చివర అనుకున్న ఆసుపత్రికి జగిత్యాల దారి కూడా కలపాలి. అదీ ఫిట్స్ వస్తున్న మనిషితో. ఇప్పుడైతే కూర్చొని వెళ్తుంది. అత్తగారి సిరిసిల్ల ఇంకా దూరం. ఇంజక్షన్ ఇప్పించి, జగిత్యాల సర్కారు దవాఖానకు పోతున్నామని వాళ్ల అత్తకు కబురు పెట్టి అంబులెన్స్ ఎక్కించాను.

దారిలో అత్త ఫోన్. "సర్కారు దవాఖానల పండవెడ్తవా నా కోడల్ని? మా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ ఎన్కసిరి సూసుకుందాం వదినా. నువ్వు బస్సెక్కు."

జగిత్యాలలో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇచ్చారు. బీపీ కొంచెం దిగింది. మర్నాడు 170/110. "తల పలుగుతుందమ్మా, కండ్ల ముంగట మెరుపులు" అంది సరిత. "ప్లేట్‌లెట్స్ పడిపోతున్నయ్. సిజేరియన్ ఇప్పుడే చేయాలె" అన్నారు డాక్టర్.

గాజులు తీయమంది నర్సు. సబ్బు రాసినా రాలేదు. కడుపుతో ఉన్న బిడ్డ గాజులు పగలగొట్టడానికి నాకు చేతులు రాలేదు. అప్పటికే వచ్చిన వాళ్ల అత్త, తన కొంగు ఆ చేతి కింద పరిచింది.

"పలగ్గొట్టు వదినా. నీ దుకాణంల గాజులకేం కరువా?"

చేతికి గుచ్చుకోకుండా గాజుల కింద గుడ్డ దోపి ఒక్కొక్కటీ విరిచాను.

ఆడపిల్ల పుట్టింది, కిలో ఏడు వందలు. ఒళ్లు చల్లబడకుండా వార్మర్‌లో పెట్టారు. "కాన్పు అయినంక గూడ ఫిట్స్ రావచ్చు, కనిపెట్టుకోండ్రి" అన్నారు. సరిత బీపీ దిగేదాకా మేమిద్దరం వంతులవారీగా కూర్చున్నాం.

ఇప్పుడు మనవరాలు దుకాణంలో పాకుతూ గాజుల డబ్బాలు లాగుతోంది. సరిత బీపీ 120/80. అయినా చూపిస్తూనే ఉన్నాం.

సీమంతం గాజులకు వచ్చినవాళ్లను సైజుతో పాటు కాన్పు ఎక్కడని కూడా అడుగుతున్నాను. ఆసుపత్రి పేరు చెప్పగానే, "వాళ్లతోటి గాకపోతే ఏడికి పంపుతరో అడిగినవా బిడ్డా?" అంటాను. మీరూ అడగండి. ఆ చోటు దూరమైతే, నొప్పులు రాకముందే అక్కడ చూపించుకోండి.