అత్తయ్యకు అందని గొలుసు

మొన్న మా మనవరాలు సెలవులకు వస్తూ ఒక సస్పెన్స్ నవల తెచ్చి నా మంచం మీద పడేసింది. ఒక తండ్రి కూతుర్ని కాపాడుకోవడానికి ఊళ్లు మారుతూ పారిపోతుంటాడు. సగం చదివి కళ్లజోడు తీసేశాను. అందులో దుర్మార్గుడెవరో ఇట్టే తెలిసిపోతాడు, చెంప మీద గాటు కూడా ఉంది మహానుభావుడికి. పంతొమ్మిదివందల ముప్పైల్లో, నా ఎనిమిదో ఏట, నాకు అంత వెసులుబాటు లేకపోయింది. నేను తప్పించుకోవలసింది మా నాయనమ్మ నుంచి. ఆవిడ కొంగు ముడిలో ఎప్పుడూ నాకోసం ఓ సున్నుండ ఉండేది.

మాది ఏలూరు. తల్లిలేని నన్ను నాయనమ్మా, చిన్ననాడే భర్త పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మేనత్తా పెంచారు. నాన్న కచేరీలో గుమాస్తా. పసిపిల్లలకు పెళ్లి చేస్తే శిక్ష అని చట్టం వస్తే నాయనమ్మ దానికీ దారి కనిపెట్టింది. యానాం ఫ్రెంచివాళ్లది, మన చట్టం అక్కడ చెల్లదు, వెళ్లి మూడు ముళ్లు వేయించుకుని వచ్చేయడమే. పెళ్లివారు ముందే వెళ్లి కూర్చున్నారు. నాన్న తల్లికి ఎదురాడే మనిషి కాదు, "అలాగేనమ్మా" అని సామాను కట్టించారు. అత్తయ్య పీటల దగ్గరికి రాకూడదట గాని వంటకు పనికొస్తుందట, అందుకని ఆవిడనూ బయల్దేరదీశారు. నాకు మాత్రం గోదారి చూపిస్తామన్నారు. గోదారి చూడ్డానికి పట్టుపరికిణీ ఎందుకో నాకు అర్థం కాలేదు.

రైలు తాడేపల్లిగూడెంలో ఆగింది. నాన్న ఆడవాళ్ల పెట్టె దగ్గరికొచ్చి, నీళ్లు తాగి వద్దాం రమ్మని నన్ను దింపారు. తీరా చూస్తే కుళాయి దాటేశాం. రైలు కూతేసి కదిలింది. నాన్న పరిగెత్తలేదు. నా చెయ్యి నొప్పిపుట్టేలా పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కిటికీలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"పిల్ల కిందే ఉండిపోయిందే! గొలుసు లాగవే!"

ఆ గొలుసు సరిగ్గా అత్తయ్య నెత్తిమీదే ఉంది. రైలు ఆగలేదు సరికదా, కిటికీలోంచి ఓ గుడ్డమూట జారి ప్లాట్‌ఫారం మీద పడింది. నాయనమ్మ తప్పిపోయిందని నేను ఏడుపు లంకించుకున్నాను.

బస్సెక్కి, బళ్లు మారి ఆకివీడు చేరి, అక్కడ కొల్లేరులోకి దోనె ఎక్కాం. దోనె నడిపే ఆయన నా నగలూ నాన్న వాలకమూ మార్చి మార్చి చూశాడు.

"ఏవండీ, పాప మీ పాపేనా అండీ?"

నాన్న నోరు తెరిచేలోగా నేనే జవాబు చెప్పాను. "మా నాన్నేనండీ. కానీ నన్నెత్తుకుపోతున్నారు."

పాపం, ఆయనకు జరిగిందంతా చెప్పుకుని ఒప్పించేసరికి నాన్నకు తలప్రాణం తోకకొచ్చింది. తర్వాత మూట విప్పారు. నా పాత పరికిణీలు, దువ్వెన, అటుకులు. పట్టుగుడ్డ ఒక్కటీ లేదు. నాన్న తెల్లబోయారు. "నేనెవరికీ చెప్పలేదే" అని తనలో తను అనుకున్నారు.

లంకలో ఆ దోనె ఆయన ఇంట్లోనే ఉన్నాం. కిక్కిస గడ్డి దుబ్బుల్లో గూడబాతుల్ని చూస్తూ నేను నాయనమ్మ కోసం బెంగపెట్టుకున్నాను. నాన్న నాకు మంచివాడో చెడ్డవాడో తేలలేదు. ముహూర్తం దాటాక ఇల్లు చేరాం. పెళ్లివారు యానాంలోనే ఇంకో పిల్లను చూసుకున్నారట. ఆ పిల్ల ఎవరో, ఏమైందో! నాయనమ్మ నన్ను గుండెకు హత్తుకుని ఏడ్చింది, సున్నుండ పెట్టింది, నాన్నతో మాత్రం చాన్నాళ్లు మాట్లాడలేదు. నన్ను బళ్లో వేశారు.

నేను టీచరునయ్యాక ఒకసారి అత్తయ్యను అడిగాను, ఆ రోజు గొలుసెందుకు లాగలేదని. ఆవిడ ముసుగు సర్దుకుని, చాటలో బియ్యం మీంచి తలెత్తకుండా చెప్పింది.

"అందలేదే తల్లీ."

మా ఇంట్లో అందరిలోకీ పొడుగు అత్తయ్యే. అటక మీది ఊరగాయ జాడీలన్నీ ముక్కాలిపీట లేకుండా ఆవిడే దించేది. నవల మిగతా సగం నేను చదవలేదు. అత్తయ్య చేతులు కదలని ఆ కాసేపట్లోనే నా మిగిలిన కాలమంతా ఇమిడి ఉందని తెలుసుకోవడానికి నాకు ఓ జీవితం పట్టింది.