ప్లాట్‌ఫారం మీద మునిగిన రోజు

ఉద్యమం రోజుల్లో రైల్‌రోకో జరుగుతుంటే మా రైలు జనగామలో ఆగింది. ఎంతసేపంటే, పొద్దున గీసుకున్న నా గడ్డం బొడ్డుదాకా పెరిగింది. పక్కసీటులో ఒక ఫైర్‌మన్ పరేషాన్‌గా కూర్చున్నాడు.

"రేపు మానుకోట చెరువుల మనిషిని కాపాడే పరీక్షన్నా. మునిగేటోడు గింజుకుంటే నాకు బుగులైతది, భయంతోని వదిలేస్త. రెండుసార్లు ఫెయిలైన. జర ప్రాక్టీసుకు నువ్వు మునుగుతవా?"

దిగి, నూటయాభై కిలోల నేను ప్లాట్‌ఫారం మీద మునిగాను. పట్టాల మీద నినాదాలు ఆగిపోయాయి. ఏనుగులా గింజుకున్నాను. అతను వెనకనుంచి గడ్డం కింద చెయ్యి వేసి, చెవిలో మెల్లగా అన్నాడు: "ఒళ్లు వదులన్నా. నేను పట్టుకున్న."

బకెట్ నీళ్లకే భయపడే నేను నిజంగానే వదిలేశాను.

"గింజుకుంటలేవేందన్నా?" అన్నాడు, ఆశ్చర్యంగా.

అతని పరీక్ష ఏమైందో తెలియదు. నేను మాత్రం అతన్ని అక్కడే పాస్ చేశాను.