ముక్కులో వేసిన చుక్కలు

మా మేడమీద అద్దెకుండే పశువుల డాక్టరుగారు మొన్న గురువారం తెల్లవారగానే పోయారు. ఆయన భార్య మెట్లు దిగివచ్చి, మా గడప పట్టుకుని, "ఇంక లేవరు, అక్కయ్యగారూ" అని మాత్రం అన్నారు.

అశోక్‌నగర్‌లోని ఈ ఇంట్లో పదకొండేళ్లు ఆయన పైన, మేం కింద. మా పిల్లల్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు నుదుటి మీద పడేది ఆయన చెయ్యే. పశువును తాకేముందు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకునేవారు. "నోరులేనిది కదండీ, అడిగి ముట్టుకోవాలి" అనేవారు.

మూడేళ్ల క్రితం చిక్కడపల్లి సందులో పాలమ్మే ఆమె ఏడుస్తూ వచ్చింది. దూడ చనిపోయాక ఆమె గేదె పాలు చేపడం లేదు. పొదుగు నిండినా ఒక్క చుక్క వదలదు. అందుకని రోజూ హార్మోను సూది వేయించి వేయించి, దాని మెడంతా గడ్డలు కట్టింది.

"సూది జూస్తెనే గుంజ పీకుతున్నది సాబ్. జర వేరే తొవ్వ జూడుండ్రి. లేకుంటె మా ఆయన దాన్ని కటికోనికి అమ్ముతడు."

డాక్టరుగారు వారం రోజులు అదే ఆలోచించారు. దూడ వాసన తల్లికి ముక్కులోంచే కదా అందేది అనుకుని, ఆ మందునే పలచన చేసి, పెన్నుకు సిరా పోసే ఫిల్లరుతో గేదె ముక్కులో చుక్కలు వేశారు. నేనూ అక్కడే ఉన్నాను. గేదె ఒక్కసారి చీదింది. కాసేపటికి పాలు వాటంతటవే కారాయి. ఆమె ఆయన కాళ్ల మీద పడబోయింది. ఆ సాయంత్రం ఆయన నారాయణగూడ నుంచి మిఠాయి తెచ్చి అందరికీ పంచారు.

సూది వేయడం చేతకానివాళ్లు కూడా చుక్కలు వేయడం నేర్చుకున్నారు. పాకల్లో అంతవరకు పాలు చేపడం కోసమైనా దూడను బతకనిచ్చేవారు. ఇప్పుడు దానితో పనిలేదు.

ఏడాది తిరిగాక ఆమె గేదె మళ్లీ ఈనింది. చూడబోయిన డాక్టరుగారికి దూడ కనబడలేదు.

"దుడ్డె ఏదమ్మా?"

"దానికి పాలిడువలే సాబ్, పోయింది. మీ చుక్కలున్నయి గద!" అందట ఆమె, దాచుకోవలసిందేమీ లేనట్టు.

ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డారాయన. "సూది ఉన్నన్నాళ్లూ కాస్త జంకైనా ఉండేదండీ. అదీ నేనే తీసేశాను" అన్నారు. పాక పాకకూ తిరిగి దూడలను చంపుకోవద్దని బతిమాలారు. ఎందరు విన్నారో తెలియదు. ఆయన మాత్రం పాలు మానేశారు. మా పిల్లల గ్లాసులకేసి కూడా చూసేవారు కాదు.

గురువారం ఆయన్ని తీసుకెళుతుంటే సందు చివరిదాకా నేనూ నడిచాను. మేతకు పోయే గేదెలు ఎదురొచ్చాయి. మోసేవాళ్లు గోడవారకు జరిగి ఆగారు. మంద మెల్లగా, ఒకదాని వెనక ఒకటిగా, ఆయన్ని దాటుకుంటూ వెళ్లింది. వాటి వెనక పరుగెత్తే దూడ ఒక్కటీ లేదు.