దివాలా తీసినవాడి జీతం

జీఎస్టీ వచ్చిన మరుసటి ఏడాది నన్ను ఆదాయపు పన్ను శాఖలో బకాయిల వసూళ్ల ఇన్‌స్పెక్టరుగా అనకాపల్లి వేశారు. పన్ను కట్టనివాళ్ల ఆస్తి ఎక్కడుందో వెతకడం, ఆస్తి లేకపోతే జీతం ఎక్కడొస్తోందో చూడడం నా పని. ఏ గుమ్మంలోనూ నన్ను చూసి సంతోషించినవాళ్లు లేరు.

గౌరీశ్వరరావు గారు బెల్లం వర్తకులు. వ్యాపారం మునిగి ఐపీ పెట్టారు, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ వేశారు. బెల్లం మార్కెట్లో ఒక పద్ధతి ఉంది. ఐపీ పెట్టినవాణ్ని పెద్దలు కూర్చోబెట్టి, రూపాయికి ఇంత అని తేల్చి, అప్పులిచ్చినవాళ్ల చేత సరే అనిపిస్తారు. ఈయనకు పావలాకి తెగింది. కోర్టు కూడా ఆ రాజీని ఒప్పుకుంది. షాపు అమ్మి అందరికీ ఇచ్చేసి, అరవైకి దగ్గరపడ్డ వయసులో అచ్యుతాపురంలో ఓ మందుల కంపెనీ స్టోర్సులో చేరారు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, వ్యాపారం నాటి పన్ను బకాయి కింద ఆయన జీతంలో కోసి పంపమని మా రికవరీ ఆఫీసరు కంపెనీకి ఉత్తర్వు ఇచ్చారు. నేనే పట్టుకెళ్లి అందజేశాను. మర్నాడు ఆయన ఇద్దరు మార్కెట్ పెద్దల్ని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు.

"బాబూ, అందరికీ పావలా సొప్పున ఇచ్చీసి దండం ఎట్టేను. మీకూ అదే ఇత్తాను. ఇంకేటి బాకీ?" అన్నారు.

అయ్యో రామా అనుకున్నాను. సర్కారు కూడా మార్కెట్లో అప్పిచ్చిన ఒక షావుకారే అనుకున్నారాయన. దివాలా కోర్టు వదిలేసినా పన్ను బకాయి వదలదని, పెద్దల రాజీ మాకు వర్తించదని, అయితే జీతంలో మూడో వంతుకు మించి కోయబోమని చెప్పాను.

ఆయన డబ్బు మాట మళ్లీ ఎత్తలేదు. "కోసుకోండి బాబూ. కంపెనీలో మాత్రం తెలీనీకండి. నేను ఐపీ మనిషినని అక్కడెవరికీ తెలీదు" అన్నారు.

కోయవలసింది ఆ కంపెనీయే. ఉత్తర్వు అప్పటికే అకౌంట్స్ సెక్షన్‌కు చేరిపోయింది. ఆ మాటే ఆయనకు చెప్పాను.

ఒక్క నెల కోత జమ అయింది. ఆ తర్వాత ఆయన ఉద్యోగం మానేశారని కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఇంటికి వెళ్తే భార్య గుమ్మంలోకి వచ్చారు.

"జీతంలో కోత ఎందుకని ఆరా తీసి ఐపీ ఊసు పట్టీసినారంట. కంపెనీ బస్సులో కుర్రోళ్లు 'ఐపీ మామా, సీటుకి పావలా ఇత్తావా' అన్నారంట బాబూ. ఆ మర్నాడు నుంచి బస్సెక్కనేదు. మడిసి గుమ్మం దిగట్లేదు."

లోపల గోడవైపు తిరిగి పడుకున్న ఆయన లేవలేదు. నాకు చాలా బాధేసింది, ఏమీ అడగకుండా వచ్చేశాను.

జీతంలో కోతకు చట్టం హద్దు పెట్టింది. కోత పడుతోందని పదిమందికీ తెలియడానికి ఏ హద్దూ లేదు. ఆ ఫైల్లో ఆ ఒక్క నెల కోత తప్ప మా బకాయి వసూలు కాలేదు, ఆయన సంపాదన మాత్రం పోయింది.