గేటు పక్కన దేవగన్నేరు

నా భార్య నాటిన దేవగన్నేరు మా గేటు పక్కనే ఉంది. ఇంట్లోకి రావాలంటే దాని కొమ్మల కిందుగానే రావాలి. తమిళనాడులోని మా రాజపాళయంలో దాన్ని వల్లకాటి చెట్టంటారు, ఇళ్లలో పెంచరు. మా ఇద్దరికీ ఆ పట్టింపు లేదు. ఆమె పోయాక వీధి నోరు విప్పింది: "చెట్టే తినేసింది."

చెట్టు మనుషుల్ని తినదు. ఆమె గుండెజబ్బుతో పోయింది. ఈ మాట చెప్పి చెప్పి అలిసిపోయాను. ఇంట్లో నా మాటకు బదులు చెప్పే గొంతు లేదు.

మిగిలింది పక్కింటాయన. నూలు మిల్లులో చేసి రిటైరైనవాడు, పరమ భక్తుడు. రోజూ సాయంత్రం వచ్చేవాడు. దేవుడున్నాడని ఆయన, లేడని నేను వాదించుకునేవాళ్లం. ఎవరమూ ఓడేవాళ్లం కాదు, అందుకే మర్నాడు మళ్లీ వచ్చేవాడు. కోడలు కడుపుతో ఉందని తెలియగానే రావడం మానేశాడు. గోడ మీంచి అడిగాను.

"నాకేమీ లేదన్నా. కోడలు బయపడతాది. చిన్నపిల్ల, ఏం చేసేది?"

"ఆ చెట్టు ఓడెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చిందయ్యా. అది రాకముందు మనవాళ్లు చావలేదా?"

"చచ్చినారు. నువ్వే గెలిచినావు, సరియా? చెట్టు కొట్టెయ్, రేపే వస్తాను."

కొట్టలేదు. కొడితే ఆమె చావు నేరం చెట్టు మీద నా చేత్తో నేనే వేసినట్టు.

గాజులు తొడిగే వేడుక చేసి, కోడలిని కాన్పుకు తళవాయిపురంలోని పుట్టింటికి పంపారు. ఆ సాయంత్రం కాఫీ కలిపి, వరండాలో రెండు కుర్చీలు వేశాను. ఆయన వచ్చాడు. గేటు తీశాడు. ఆకులన్నీ రాలి పూలు మాత్రమే మిగిలిన కొమ్మల వంక చూశాడు. గొళ్లెం మీది చెయ్యి తీయలేదు.

"దా అప్పా. కోడలు ఊళ్లో లేదు గదా?"

"లేదు... మోకాలు నొస్తాది అన్నా. రేపు చూస్తాం."

భయం కోడలిది కాదు, ఆయనదే. నా దగ్గర ఎన్ని వాదనలున్నాయో! అన్నీ పక్కన పెట్టి లేచాను.

కుర్చీలు రెండూ వీధిలోకి మోశాను.

"ఇక్కడ కూర్చో. ఇది మునిసిపాలిటీ జాగా, దెయ్యాలకు పట్టా లేదు."

"నీ నోరుంది చూడు!" అంటూ నవ్వి కూర్చున్నాడు.

కాఫీ ఒక గుక్క తాగాడో లేదో, గాలికి ఓ పువ్వు గోడ దాటొచ్చి ఆయన పాదం దగ్గర పడింది. ఆయన చూడలేదు. నేను కాలితో దాన్ని మెల్లగా నా కుర్చీ కిందికి లాక్కున్నాను.

"ఊఁ, దేవుడి సంగతి చెప్పు" అన్నాను.